కాలేజీల జాబితాలో ఏడో ప్రశ్న

అనసూయమ్మ గారి కాలేజీ బోర్డు దించేశారన్న కబురు నాకు మొదట తెచ్చింది దావీదు. ఫ్లెక్సీలు కట్టడం, బోర్డులు బిగించడం అతని పని. అది 2023 వేసవి. ఏలూరులో నా ఆన్‌లైన్ సెంటర్‌కి ఆధార్ జిరాక్స్ కోసం వచ్చాడు. అరచేతులకు అంటిన తుప్పు తుడుచుకుంటూ, "ఆ బోర్డు అప్పట్లో బిగించిందీ నేనే, ఇవాళ దించిందీ నేనేనండీ రజియా గారూ," అన్నాడు.

"దించి ఎక్కడ పెట్టావు?"

"వాచ్‌మన్ గదిలోనండి. మూడు బోల్టులు ఊడొచ్చాయి, నాలుగోది రానంది. మేడం గారు గట్టి మనిషి కదండీ, బోల్టు కూడా అలాంటిదే బిగించుకున్నారు. ఆవిడ తాడేపల్లిగూడెంలో చెల్లెలు గారింటికి వెళ్ళిపోయారు. చేరే పిల్లలు లేకపోతే ఎన్నాళ్ళని లాగుతారు చెప్పండి."

అతను నవ్వించడానికే అన్నాడు, నేనూ నవ్వాను. అతను వెళ్ళాక మాత్రం చాలాసేపు జిరాక్స్ మిషను మూత తెరిచి అలాగే నిలబడ్డాను.

నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. ఆ మాటకొస్తే బడిలోనూ రెండో తరగతి దాటలేదు. ఏడేళ్ళప్పుడు కీళ్ళవాత జ్వరం వచ్చి గుండెను పట్టుకుంటే, ఇంటిపట్టునే ఉంచమన్నారు డాక్టరు గారు. మా నాన్న మస్తాన్ పుస్తకాలు బైండింగ్ చేసేవారు. ఊళ్ళోని కాలేజీ లైబ్రరీల నుంచి అట్టలూడిన పుస్తకాలు గోనెసంచుల్లో మా ఇంటికి వచ్చేవి. నాన్నే నాకు అక్షరాలు దిద్దించారు. ఆ తర్వాత మైదా జిగురు డబ్బా పక్కన కూర్చుని ఆ పుస్తకాలు చదవడమే నా చదువు. కుట్టు పడి, అట్ట అంటుకుని, బరువు కింద ఆరి, పుస్తకం తిరిగి వెళ్ళేలోగా చదివెయ్యాలి. మిగతా కాలేజీల వాళ్ళు వారంలో ఇచ్చెయ్యమనేవారు. అనసూయమ్మ గారి కాలేజీ పుస్తకాలు మాత్రం పదిహేను రోజులు మా ఇంట్లో ఉండేవి. ఆవిడ పుణ్యాన నాకు వృక్షశాస్త్రం పూర్తిగా వచ్చిందనీ, మిగతావాళ్ళ పుణ్యాన భౌతికశాస్త్రం సగమే వచ్చిందనీ మా ఇంట్లో వేళాకోళం.

ఆ కాలేజీకి అసలు పేరు వేరే ఉన్నా, ఊళ్ళో ఎవరూ అది పలికేవారు కాదు. కొల్లేరు రోడ్డులో అద్దె బంగళాలో నడిచే ఆడపిల్లల డిగ్రీ కాలేజీ అది. లంక గ్రామాల నుంచి వచ్చే బస్సు సరిగ్గా గేటు ముందే ఆగేది. అందుకే చెరువుల మీద బతికే ఇళ్ళ నుంచి చాలామంది పిల్లలు అక్కడికి వచ్చి చదువుకున్నారు. నేను ఆ గేటు దాటి ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. అనసూయమ్మ గారిని దూరం నుంచి కూడా చూడలేదు.

ఇక నా పని సంగతి. పరీక్ష ఫీజులు, హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్పులు, కాలేజీ ప్రవేశాలు - ఇవన్నీ మా సెంటర్లో కంప్యూటర్ ద్వారా పంపిస్తాం. డిగ్రీలో చేరాలంటే ముందు రిజిస్ట్రేషన్, తర్వాత వెబ్ ఆప్షన్లు. అంటే ఏ కాలేజీలో ఏ గ్రూపు కావాలో తెర మీద వరుసగా ఎంచుకోవాలి. ప్రతి వేసవిలోనూ వచ్చే పిల్లల మొదటి ప్రశ్న, "మన దగ్గర ఏయే కాలేజీలున్నాయండీ?" నోటితో చెప్పీ చెప్పీ అలసిపోయి, ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఒక జాబితా మొదలుపెట్టాను. మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక సెంటర్లో రద్దీ ఉండదు. ఆ గంట దానికి. కొత్త జిల్లాలు వచ్చాక ఏ కాలేజీ ఏ జిల్లాలోకి పోయిందో తేల్చి, ఏలూరు జిల్లాకు విడిగా రాశాను. నేను చదవలేకపోయిన కాలేజీల పేర్లు ఒక్కొక్కటీ రాస్తుంటే నాకేమీ బాధ అనిపించేది కాదు. పెళ్ళిపందిట్లో విస్తళ్ళు వేస్తున్నంత సంబరంగా ఉండేది.

అలా జాబితా ఒక కొలిక్కి వచ్చాక దాన్ని పీర్ రివ్యూకి పెట్టాను. మనం రాసినదాన్ని సాటి రచయితలు చదివి తప్పులు చూపడమే పీర్ రివ్యూ. అక్కడ ఎవరూ సొంత పేరుతో ఉండరు. నా జాబితా చూడటానికి వచ్చినవారి పేరు నేరేడుకొమ్మ. ఆడో మగో, ఏ ఊరో నాకు ఈనాటికీ తెలియదు. వచ్చిన రోజే పదకొండు ప్రశ్నలు వేశారు.

మొదటి దెబ్బ నా మర్యాదల మీద పడింది. కాలేజీలు పెట్టిన పెద్దల పేర్లన్నిటికీ నేను 'గారు' తగిలించాను. 'పేరెన్నికగన్న', 'చల్లని తల్లి వంటి' అని కూడా అక్కడక్కడా రాసుకున్నాను.

"జాబితాలో గారు ఉండదు. తీసెయ్యండి," అని రాశారు నేరేడుకొమ్మ.

"పెద్దవాళ్ళండీ," అని జవాబిచ్చాను.

"పెద్దవాళ్ళే. అయినా తీసెయ్యాలి. ఒకరికి ఉంచి ఒకరికి తీస్తే ఇంకా తప్పు. చల్లని తల్లికి మూలం ఏమిటి?"

మూలం అంటే మనం రాసిన మాటకు ఆధారంగా చూపించే పత్రికో పుస్తకమో. చల్లని తల్లికి మూలం నేనెక్కడ తేను? తీసేశాను. ఒక్కొక్క 'గారు' చెరిపేస్తుంటే పెద్దల ఎదుట కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టు అనిపించింది. అనసూయమ్మ గారి పేరు దగ్గరికి వచ్చేసరికి మనసులో క్షమాపణ చెప్పుకుని మరీ చెరిపాను.

ఏడో ప్రశ్న ఇదీ: "కొల్లేరు రోడ్డులోని మహిళా కళాశాలకు మీరు చూపిన మూలం చాలా పాతది. అక్కడ ఇప్పుడు ప్రవేశాలు జరుగుతున్నాయా?"

దావీదు వచ్చి వెళ్ళి అప్పటికి పది రోజులయింది. నాకు సంగతి తెలుసు. అయినా నేను రాసింది, "ఏలూరులో అందరికీ తెలిసిన కళాశాలండీ," అని.

"అది నా ప్రశ్నకు జవాబు కాదు."

మిగతా పది ప్రశ్నలకూ పనిచేశాను. ఏడో దాని జోలికి పోలేదు. వారం తర్వాత మళ్ళీ వచ్చారు: "అన్నీ బాగున్నాయి. ఏడోది మిగిలింది." ఇంకో వారానికి ఒక్కటే మాట: "ఏడు?"

మా వైపు సాయంత్రం తలుపులు వేసేటప్పుడు కూడా కొట్టు కట్టామంటామే గానీ మూశామనం. ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళు వెళ్ళొస్తామంటారే గానీ వెళ్తామనరు. అలాంటిది, నాకు పుస్తకాలు పెట్టిన కాలేజీ పేరు పక్కన 'మూతపడింది' అని నా చేత్తో ఎలా రాయను? రాస్తే ఆ గేటుకు నేనే తాళం వేసినట్టు. ఎవరైనా పూనుకుని మళ్ళీ తెరుస్తారేమో, నా తొందరపాటు మాట దానికి అడ్డమెందుకు అని కూడా అనుకున్నాను. నేను చేస్తున్నది కృతజ్ఞత అనే నమ్మాను. అబద్ధం అన్న ఊహే రాలేదు. అబద్ధమేమీ రాయలేదుగా, ఊరుకున్నానంతే.

వెబ్ ఆప్షన్ల గడువు మర్నాటితో ముగుస్తుందనగా, ఉదయం తొమ్మిదింటికి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆకివీడు దగ్గర ఒక లంక నుంచి. ఆయన పేరు ఏడుకొండలు, చేపల చెరువుల మీద పని. అమ్మాయి నాగమణి. రిజిస్ట్రేషన్ ఆకివీడులో చేయించుకున్నారు, ఆప్షన్లు మిగిలాయి.

"ఎన్ని కాలేజీలు పెడతావమ్మా?" అని అడిగాను.

"ఒకటేనండి. నాన్న ఒప్పుకుంది ఒకటే." సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచింది. "బీఎస్సీ కెమిస్ట్రీ అండి. ఇదిగోండి, ఈ కాలేజీ."

అది నా జాబితా ప్రింటు. అందులో అనసూయమ్మ గారి కాలేజీ వరుస చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది.

తెర మీద ఆ పేరు రాదని నాకు తెలుసు. అయినా టైప్ చేశాను. రాలేదు. ఇంకోసారి చేశాను.

"లేదాండీ?"

"ఆ కాలేజీ ఇప్పుడు లేదమ్మా."

"ఇందులో ఉంది కదండీ," అంది అమ్మాయి, కాగితాన్ని నా వైపు జరుపుతూ. "ఎవరో బాగా చదువుకున్నవాళ్ళే రాసుంటారు. ఊరికే రాయరు కదండీ."

"రాసింది నేనేనమ్మా."

ఏడుకొండలు గారు అప్పటిదాకా బయటికి చూస్తూ కూర్చున్నారు. ఇటు తిరిగి, "మీకు తెలీక రాశారాండీ?" అన్నారు.

"రాసినప్పుడు నడుస్తూనే ఉందండి. ఆగిపోయిందని తెలిశాక కూడా మార్చలేదు."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "పద మణీ, బస్సు పోద్ది," అన్నారు.

"నాన్నా, వేరేది పెడదాం."

"వేరేది వద్దు. నేను కాలేజీని చూసి ఒప్పుకోలేదు, ఆ మేడం గారిని చూసి ఒప్పుకున్నాను." తర్వాత నాకు చెప్పారు, తప్పు నాది కాదన్నంత నెమ్మదిగా. "మా చెల్లి అక్కడే చదివిందండి. ఓ ఏడు కొల్లేరు పొంగి రోడ్డు మునిగిపోతే, ఐదు రోజులు ఆవిడే తన ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టారు. తెలీని ఊళ్ళో, వరదొస్తే పిల్ల ఎక్కడుందో తెలీకుండా నేను ఉండలేనండి. ఈ ఏడు ఇంటి దగ్గరే ఉంటది."

'ఈ ఏడు' అంటే ఏమిటో నాకు తెలుసు. ఒక ఏడు ఇంటి దగ్గర ఉన్న పిల్ల మళ్ళీ పుస్తకం పట్టడం ఎంత కష్టమో నాకంటే తెలిసినవాళ్ళు ఆ వీధిలో లేరు. నాకైతే ఇంటికే పుస్తకాలు వచ్చాయి. ఈ అమ్మాయికి ఎవరు పంపుతారు?

"ఆ మేడం గారు గూడెంలో ఉన్నారండి," అన్నాను. "ఆవిడ మాట విని, అప్పుడు కూడా వద్దంటే వెళ్ళిపోండి."

"ఇప్పుడేనాండీ?"

"ఇప్పుడేనండి. గడువు రేపే."

దావీదుకి ఫోన్ చేసి ఇల్లు కనుక్కున్నాను. కొట్టు కట్టి, ముగ్గురం స్టేషనుకు వెళ్ళి తాడేపల్లిగూడెం వైపు ప్యాసింజరు ఎక్కాం. ఏడుకొండలు గారు తలుపు దగ్గరే నిలబడ్డారు. నాగమణి నా పక్కన కూర్చుని, ఆకివీడులో చెరువు నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులున్నాయనీ, అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి సీసాలో నీళ్ళు చూసి తమ చెరువులో చేపలు ఎందుకు తేలిపోతున్నాయో చెప్పిందనీ, తనకూ అది చెయ్యాలనుందనీ చెప్పింది. నేను వింటూనే లోపల ప్రవక్త గారిని తలుచుకునే దరూద్ చదువుకుంటున్నాను. అల్లా, నా నోటి మర్యాద ఈ పిల్ల నోటి దగ్గరి ముద్ద తియ్యకుండా చూడు అని మాత్రం అడిగాను.

అనసూయమ్మ గారు వరండాలో వాలుకుర్చీలో కూర్చుని, ఒళ్ళో పెద్ద రిజిస్టరు పెట్టుకుని ఉన్నారు. లైబ్రరీలో ఏ పుస్తకం ఎప్పుడు వచ్చిందో వరుసగా రాసే యాక్సెషన్ రిజిస్టరు అది. కాలేజీ నుంచి తెచ్చుకున్నది అదొక్కటేనట. నేను పేరు చెప్పుకున్నాను.

"మస్తాన్ గారి అమ్మాయివా! రా రా. ఇన్నాళ్ళకి కనబడ్డావు," అన్నారు. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. వచ్చిన పని మొత్తం చెప్పాను, ఏడో ప్రశ్నతో సహా. ఆవిడ ముఖం మారింది.

"నడుస్తోందని రాశావా?"

"లేదండి. ఆగిపోయిందని రాయలేదు."

"రెండింటికీ తేడా ఏమిటి?"

"మీ మీద గౌరవంతోనండి..."

"గౌరవం ఉంటే తారీఖు వెయ్యాలి రజియా. తెరిచిన ఏడు వేశావా?"

"వేశానండి."

"మరి ఆపిన ఏడు వెయ్యడానికి చెయ్యి రాలేదా? ఇన్నేళ్ళు హాజరు పట్టీ రాశాను. రాని పిల్లకి రాలేదనే పెట్టాలి. జాలిపడి వచ్చినట్టు పెట్టామనుకో, ఆ పిల్ల ఎక్కడుందో ఎవరూ వెతకరు. నా కాలేజీకి నువ్వు రోజూ హాజరు వేస్తూ కూర్చున్నావు. పాత పిల్లలు టీసీల కోసం ఆ గేటు దాకా వెళ్ళి తిరిగొస్తున్నారట. ఎందుకు వెళ్ళరు మరి? ఉందని నువ్వు చెబుతుంటే!"

టీసీ అంటే చదివిన చోట ఇచ్చే బదిలీ పత్రం. ఆవిడ రిజిస్టరు అట్ట లోపల్నుంచి ఒక పత్రిక ముక్క తీశారు. కాలేజీ ఆపేసినట్టూ, పాత విద్యార్థుల రికార్డులు ఎక్కడ అప్పగించిందీ తెలుపుతూ జిల్లా పేజీ అడుగున ఆవిడే వేయించిన చిన్న ప్రకటన. "ఇదిగో, మీ నేరేడుకొమ్మకి ఇది చూపించు. సరైన ప్రశ్న వేసినవాళ్ళని మూడుసార్లు అడిగించుకోకూడదు."

తర్వాత ఏడుకొండలు గారి వైపు తిరిగారు. "మీ చెల్లెలు రత్నకుమారి కదూ? ఎడమచేత్తో రాసేది. ఐదు రోజులూ మా వంటింట్లో నన్ను అడుగుపెట్టనివ్వలేదు."

ఏడుకొండలు గారి ముఖం మొదటిసారి విచ్చుకుంది. "అదేనండి. ఇప్పటికీ అంతేనండి, ఎవర్నీ పొయ్యి దగ్గరికి రానివ్వదు."

"ఏలూరులో ఇంకో ఆడపిల్లల కాలేజీ ఉంది. కెమిస్ట్రీ ల్యాబు మాదానికంటే బాగుంటుంది. నాతో పనిచేసిన లెక్చరరు అక్కడే చేరింది. నేను చెబుతాను. అమ్మాయిని అందులో వెయ్యండి."

"మీరు చెబితే కాదంటానాండీ. కానీ వరదొస్తేనో?"

ఆవిడ జవాబు వెతుక్కునేలోగా నా నోట్లోంచి మాట వచ్చేసింది. "మా ఇంట్లో ఉంటుందండి. నేనూ మా అమ్మా ఇద్దరమే."

ఆయన నా తల మీది ముసుగు చూశారు. ఏమంటారో అని నాగమణి ఆయన వైపు చూసింది. ఆయన అడిగింది ఇదీ: "మా పిల్ల చేప లేందే ముద్ద దిగదండి. మీరు వండుతారాండీ?"

"కొల్లేటి చేపైతే ఇంకా బాగా వండుతామండి."

"ఈ రజియా సంగతి నేను చెబుతాను వినండి," అన్నారు అనసూయమ్మ గారు, రిజిస్టరు మీద చెయ్యి వేసి. "నా లైబ్రరీలో పుస్తకాలు ఇంతమంది విద్యార్థులున్నా ఈవిడ చదివినన్ని ఎవరూ చదవలేదు. గేటు దాటి రాకుండానే చదివింది. రజియా, మీ నాన్న గారు నాలుగు రోజుల్లో కుట్టి తెచ్చేసేవారు, తెలుసా? ఓసారి పుస్తకంలో నువ్వు మర్చిపోయిన కాగితం కనబడింది. నీలం పెన్సిల్‌తో ఆకుల బొమ్మలు. అడిగితే మా అమ్మాయిదండీ అన్నారు. ఇకనుంచి పదిహేను రోజుల తర్వాతే తీసుకురండి, ముందు తెస్తే పుచ్చుకోనని చెప్పాను."

మా నాన్న పోయి ఎనిమిదేళ్ళు. ఆయన ఆ సంగతి నాకు ఎన్నడూ చెప్పలేదు. పదిహేను రోజులూ జిగురు ఆరడానికే అనుకున్నాను ఇన్నేళ్ళూ. మజ్జిగ గ్లాసు కింద పెట్టలేక, తాగలేక అలా పట్టుకుని కూర్చున్నాను. నాగమణి దాన్ని నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది.

సాయంత్రానికి ఏలూరు తిరిగొచ్చి ఆప్షన్లు పెట్టాం. ఈసారి ఒకటి కాదు, మూడు. తర్వాత సీటు మొదటిదానిలోనే వచ్చింది. ఆ సాయంత్రం బస్సు ఎక్కబోతూ ఏడుకొండలు గారు వెనక్కి తిరిగి, "ఏవండీ, ఆ కాయితం మాత్రం సరిచెయ్యండి. ఇంకో పిల్లెవరైనా చూసుకుని వస్తే కష్టం," అన్నారు.

మర్నాడు నమాజయ్యాక ఏడో ప్రశ్న కింద జవాబు రాశాను. "అక్కడ ప్రవేశాలు లేవు. కళాశాల మూతపడింది. నాకు ముందే తెలుసు, రాయలేదు. మూలం ఇదిగో. మూడుసార్లు అడిగినందుకు మీకు రుణపడి ఉన్నాను." కాసేపటికి నేరేడుకొమ్మ నుంచి వచ్చింది: "ధన్యవాదాలండీ. ప్రస్తుత స్థితి అని ఒక గడి కలుపుదాం. ఈ తప్పు మీ ఒక్కరిదే అయి ఉండదు." నా 'గారు'లన్నీ పీకించిన మనిషి నాకు 'అండీ' అని రాయడం అదే మొదలు.

ఆ గడి కలిపాక సాటివాళ్ళు ఇంకొందరు వచ్చి తమ తమ వైపు వరుసలు సరిచూశారు. జంగారెడ్డిగూడెం వైపువి ఒక మాస్టారు స్వయంగా బండి మీద తిరిగి చూసొచ్చారు. ఇంకో నాలుగు కాలేజీలు నడవడం లేదని తేలింది. ఒకదాని గురించి ఆయన రాశారు: "నాకూ తెలుసు. మా గురువు గారు పెట్టిన కాలేజీ కావడంతో నోరు రాలేదు." నాలాంటి మర్యాదస్తులు జిల్లా అంతటా ఉన్నారని అప్పుడు అర్థమయింది.

ఈ పనిలో నాకు వచ్చిన వేల అప్లికేషన్లలో ఇదొక్కటి నేర్పినది ఇంతే. మేలు చేసినవాళ్ళ గురించి ఉన్నదున్నట్టు రాయడం కూడా వాళ్ళకు మొక్కడమే. నా తప్పును పదేపదే చూపించిన ముఖం తెలియని మనిషిని అల్లా నా మేలు కోసమే పంపాడనుకుంటాను. ఇప్పుడు ఎవరైనా నా రాతకు ఒక ప్రశ్న వేస్తే, ముందు కాసేపు చిన్నబుచ్చుకుని, ఆ తర్వాత దానికే మొదట జవాబిస్తాను.

మరుసటి ఏడు వానలకు కొల్లేరు రోడ్డు మునిగింది. నాగమణి నాలుగు రోజులు మా ఇంట్లో ఉంది. నీళ్ళు తీశాక వాళ్ళ నాన్న బస్సులో చేపల బుట్ట పంపించారు, వండి చూపించమని ఒక చీటీతో. ఇప్పుడు ఆ అమ్మాయి చివరి ఏడు చదువుతోంది.

అనసూయమ్మ గారు గూడెంలోనే ఉన్నారు. చూపు బాగా తగ్గింది. ఏటా జాబితా సరిచేశాక ఫోన్లో ఆవిడకు మొత్తం చదివి వినిపిస్తాను. తన వరుస వచ్చినప్పుడు, "రెండు తారీఖులూ ఉన్నాయా?" అని అడుగుతారు. ఉన్నాయండీ అంటాను. "అయితే తర్వాతది చదువు," అంటారు.

కాలేజీ కోసం వెతుక్కుంటూ మీరెప్పుడైనా ఆ జాబితా తెరిస్తే, ఆ వరుసను దాటుకుని వెళ్ళిపోతారు, అక్కడ చేరడానికి ఏమీ లేదు గనుక. వెళ్ళే ముందు ఒక్క క్షణం ఆగండి. వ్యవస్థాపకురాలు అన్న గడిలో ఉత్త 'అనసూయమ్మ' అని ఉంటుంది. ఆ పేరు పక్కన నేను పెట్టకూడని 'గారు' మీరు మనసులో పెట్టుకుని చదవండి.